గవరయ్య మీద పడిన కోడ్

కొత్తరేవు జిల్లా ఆసుపత్రిలో ఫైలు మీద ఏ కోడ్ ఎక్కితే, సాయంత్రానికల్లా రోగికి ఆ జబ్బే వచ్చేది. ఆరేళ్లుగా ఈ పద్ధతి అమల్లో ఉంది. దీని మీద ఇంతవరకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఏదీ అందలేదు.

అంతకుముందు పరిస్థితి వేరుగా ఉండేది. మంచం మీది మనిషికి ఒక జబ్బు, ఫైల్లో ఇంకో జబ్బు ఉండేవి. ఏటా తనిఖీకి వచ్చే బృందం ఫైళ్లనూ మనుషులనూ పక్కపక్కన పెట్టి చూసి, నూటికి పదకొండు చోట్ల పొంతన లేదని రాసిపోయేది. ఫైలు మార్చాలంటే ఏడు సంతకాలు కావాలి. మనిషి మారడానికి ఒక్క సంతకం కూడా అక్కర్లేదు. ఈ సంగతి గమనించిన ఆసుపత్రి కమిటీ ఒక సర్క్యులర్ తీసింది: ఫైలుకూ శరీరానికీ తేడా వచ్చినచో శరీరమే సర్దుకొనవలెను. శరీరాలు సర్దుకున్నాయి. మొదట్లో కొందరు ఆశ్చర్యపోయారు. కానీ కార్డులో పడిన పుట్టిన తేదీని బట్టి వయసును, అచ్చుతప్పును బట్టి ఇంటిపేరును మార్చుకుని బతుకుతున్న జనానికి అదేమంత కష్టం కాలేదు. రైతుబజారులో ఆడవాళ్లు బీపీ అనడం మానేసి, నాది ఐ-టెన్ అని చెప్పుకోసాగారు.

ఆసుపత్రి మొదటి అంతస్తులోని కోడింగ్ సెక్షన్లో నలుగురు పనిచేసేవారు. డాక్టరు జబ్బు పేరు రాస్తాడు. వీళ్లు పుస్తకంలో దానికి సరిపడే అక్షరం, అంకెలు వెతికి కంప్యూటర్లో ఎక్కిస్తారు. రోజుకు ఒక్కొక్కరికి నూట అరవై ఫైళ్లు. నలుగురిలోనూ చేయి తిరిగినది పొట్నూరు సువర్చల. ఫార్మసీ చదివింది, వయసు ముప్ఫై రెండు. భర్త ఓడరేవులో క్రేను నడుపుతాడు. కూతురు జోషిత రెండో తరగతి.

ఆ సోమవారం పదకొండున్నరకు సువర్చల ముందుకు వచ్చిన తొంభై మూడో ఫైలు సీరపు గవరయ్యది. వయసు యాభై ఒకటి, వృత్తి డ్రైవరు. నాలుగు రోజులుగా దగ్గు, జ్వరం. డాక్టరు పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వచ్చిన న్యుమోనియా అని రాశాడు. దాని కోడ్ జె-12.2. కీబోర్డు మీద జె అక్షరం కుడి చూపుడు వేలి కింద ఉంటుంది, ఎఫ్ ఎడమ చూపుడు వేలి కింద. చూడకుండా కొట్టేవాళ్లకు ఆనవాలుగా రెండింటి మీదా చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. సువర్చల చూడకుండానే కొడుతుంది. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గరి ఆవిడ జామకాయ ముక్క అందించింది. సువర్చల కుడిచెయ్యి చాచి అందుకుంది. ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి మిగతా పని పూర్తి చేసింది.

మూడు గంటలకు రోజువారీ జాబితా సరిచూస్తుంటే ఆమెకు ఆ వరుస కనిపించింది. ఊపిరితిత్తుల విభాగం, సీరపు గవరయ్య, ఎఫ్-12.2.

ఎఫ్-12 అంటే గంజాయి. చుక్క తర్వాతి అంకె, మనిషి అందులో ఎంత లోతుకు దిగాడో చెబుతుంది. సున్నా అయితే ఆ పూట మత్తు. ఒకటి అయితే ఒంటికి హాని చేసే వాడకం. రెండు అయితే అది లేకుండా బతకలేని స్థితి.

సువర్చల బీరువా వైపు చూసింది. బీరువాలో రెండో అరలో కోడ్ సవరణ పత్రాలు ఉంటాయని ఆమెకు తెలుసు. ఆ పత్రానికి రెండు షరతులు. ఒకటి, పొరపాటు తనదేనని కోడర్ రాసివ్వాలి. రెండు, ఆ జబ్బు రోగికి లేదని డాక్టరు పరీక్షించి ధ్రువీకరించాలి. ఆరేళ్లలో ఆ పత్రం నింపినవాడు ఒక్కడే, కామేశం అనే సీనియర్ కోడర్. అతని పత్రం కమిటీకి వెళ్లింది. అనుభవమున్న ఉద్యోగి పొరపాటు చేశాడంటే దానికి వైద్యపరమైన కారణం ఉండి తీరాలని కమిటీ భావించి, అతనికి ఆర్-41 వేసింది. ఆర్-41 అంటే మతిమరుపు, అయోమయం. ఇప్పుడు కామేశం వరండాలో మంచినీళ్ల కుండ పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. ఎవరైనా పేరు అడిగితే జేబులోంచి చీటీ తీసి చూపిస్తాడు.

ఆమె బీరువా తెరవలేదు. గవరయ్య చిరునామా చేతి మీద రాసుకుని, ఐదున్నరకు ఆఫీసు వదలగానే ఆటో ఎక్కింది.

ఉప్పుకొఠార్ల వీధిలో రెండు గదుల ఇల్లు. తలుపు తీసినావిడ గవరయ్య భార్య నూకరత్నం. ఆసుపత్రి నుంచి వచ్చానని సువర్చల చెప్పగానే సంబరపడి లోపలికి పిలిచింది. లోపల పీట మీద కూర్చుని అన్నం తింటున్న మనిషిని చూసి సువర్చల గుమ్మంలోనే ఆగిపోయింది. అతను జోషిత స్కూలు బస్సు డ్రైవరు. మూడేళ్లుగా రోజూ ఉదయం చూస్తున్న మొహమే, పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు. జోషిత బస్సు మావయ్య అంటుంది. పిల్లల బ్యాగులు తనే అందుకుంటాడు. సాయంత్రం ఇంటి తలుపు తెరుచుకునేదాకా బస్సు కదిలించడు.

మందు బాగా పనిచేసిందని, మధ్యాహ్నానికల్లా దగ్గు కోసేసినట్టు ఆగిపోయిందని నూకరత్నం చెప్పింది. నిజమే, ఫైల్లో లేని న్యుమోనియాకు ఒంట్లో ఉండే హక్కు లేదు. పొద్దున గంజి కూడా దిగని మనిషి ఇప్పుడు మూడో గిన్నె అన్నం తింటున్నాడని, పక్కింటివాళ్ల పెరుగు కూడా తెచ్చి వేశానని ఆవిడ మురిసిపోతూ చెప్పింది. గవరయ్య తలెత్తాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. తిరుగుతున్న ఫ్యాను చూసి చిన్నగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో తనకే తెలియనట్టు వెంటనే ఆపేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, భార్య వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"నాకేటో కావాలనిపిస్తందమ్మా. అదేటో తెలీట్నేదు. నీల్లు తాగినాను, కాదు. బెల్లంముక్క నోట్లో ఏసుకున్నాను, అదీ కాదు. ఒల్లంతా అడుగుతంది. పేరు తెలిస్తే ఎలాగోలా తెచ్చుకుందును."

పేరు సువర్చలకు తెలుసు. చెబితే ఏమవుతుందోనని భయమేసింది, చెప్పకపోయినా అదే అవుతుందని అప్పుడామెకు తోచలేదు. మర్నాడు తొమ్మిదింటికి ఆసుపత్రికి రమ్మని, తనే దగ్గరుండి డాక్టరుకు చూపిస్తానని మాత్రం చెప్పింది. బయటికి వస్తూ, ఆయనకు పొగ అలవాటేమైనా ఉందా అని నూకరత్నాన్ని అడిగింది. ఆవిడ నవ్వేసింది. చుట్ట కాల్చేవాళ్లు పక్కన కూర్చుంటేనే ఆయన కళ్లంట నీళ్లు కారతాయని, తమ పెళ్లయి ఇరవై ఆరేళ్లయిందని, టీ కూడా తాగని మనిషని చెప్పింది. ఆ మాట రేపు డాక్టరు ముందు కూడా ఇలాగే చెప్పాలని సువర్చల రెండుసార్లు గుర్తుచేసింది.

ఇంటికి చేరేసరికి ఆమె ఫోనుకు స్కూలు నుంచి సందేశం వచ్చి ఉంది. ఆసుపత్రి ఫైళ్లు స్కూళ్లకూ, పోలీసు స్టేషనుకూ, లైసెన్సు ఆఫీసుకూ వాటంతటవే అందేవి. అనివార్య కారణాల వల్ల నాలుగో నంబరు బస్సుకు రేపటి నుంచి కొత్త డ్రైవరు వస్తారని అందులో ఉంది. బస్సు మావయ్యకు ఏమైందని జోషిత అడిగింది. జ్వరమని సువర్చల చెప్పింది. సోమవారమంతటికీ ఆమె చెప్పిన నిజం అదొక్కటే, అది కూడా అప్పటికి నిజం కాకుండా పోయింది.

మంగళవారం మానసిక విభాగంలో డాక్టర్ సునంద గవరయ్యను చూసింది. ఓపికగల మనిషి, ప్రశ్నలు నెమ్మదిగా అడుగుతుంది. భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సువర్చల తలుపు పక్కన నిలబడింది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. న్యుమోనియాకు గతం అక్కర్లేదు, నిన్న వచ్చినా అది న్యుమోనియాయే. ఎఫ్-12.2 అలా కాదు. కనీసం పన్నెండు నెలల వాడకం ఉంటే తప్ప ఆ కోడ్ చెల్లదని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. శరీరం సాయంత్రానికి సర్దుకుంటుంది. గతం సర్దుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

గంజాయి ఎప్పటి నుంచి అలవాటని డాక్టరు అడిగింది. గవరయ్య బిత్తరపోయాడు. అలాంటిదేదీ తన జన్మలో ముట్టలేదని చెప్పబోయాడు. సగం మాట అనేసరికి ఆగిపోయి, ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు గోడవైపు చూశాడు.

"ముట్టలేదండి. అంటే... ఆ లారీ మీద ఎల్లిన యేడు తప్ప."

గవరయ్య తన నోటిని తనే చేత్తో తడుముకున్నాడు. ఆ తర్వాత మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పంతొమ్మిదేళ్లప్పుడు ఏజెన్సీ నుంచి కలప లారీ మీద క్లీనరుగా వచ్చేవాడట. ఘాట్ రోడ్డులో మూడో మలుపు దగ్గర బండి ఆపుకునేవారట. పెద్ద డ్రైవరు ఎండుటాకులు అరచేతిలో వేసి నలిపి చూపించాడట. చెబుతున్నంతసేపూ అతని మొహం, దొంగసొత్తు తన ఇంట్లో బయటపడుతుంటే చూస్తున్న మనిషి మొహంలా ఉంది. నూకరత్నం మెల్లగా భర్తవైపు తిరిగింది. ఆమె చెప్పవలసిన మాట ఒకటుంది. నోరు తెరిచింది, కానీ అనలేదు.

లేని జబ్బు లేదని రాయగలను గాని ఉన్నది లేదని ఎలా రాయనని, ధ్రువీకరణ కోరిన సువర్చలను డాక్టర్ సునంద పక్కకు పిలిచి అడిగింది.

ఆ మధ్యాహ్నం సువర్చల సూపరింటెండెంటు భాస్కరం గారి గదికి వెళ్లింది. ఇంకా ఎనిమిది నెలల్లో పదవీ విరమణ చేయబోతున్న ఆయన ఎవరినీ కసరడు. ఒక కోడర్ పొరపాటున తప్పు అక్షరం కొడితే ఏం చేయాలని, ఎవరి పేరూ చెప్పకుండా అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు అని ఎప్పుడంటాం అమ్మా? ఫైలు ఒకటి చెప్పి, మనిషి ఇంకోటి చెబితే అంటాం. నువ్వు వెళ్లి చూసిరా. వాళ్లిద్దరూ వేరువేరుగా చెబుతున్నారా?"

లేదని ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి తప్పెక్కడుంది?" అన్నాడాయన. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే, ఎక్కడైనా ఉంటే చూపించమని అడిగినట్టుంది. తర్వాత లేచి కిటికీ తలుపు దగ్గరగా వేశాడు. కిటికీలోంచి వరండా, నీళ్ల కుండ, బెంచీ కనిపిస్తాయి. పాపను ఏ స్కూల్లో వేశారని, బాగా చదువుతోందా అని అడిగాడు. సువర్చల జవాబు చెప్పి, దండం పెట్టి వచ్చేసింది.

గురువారం సాయంత్రం జోషితకు తల దువ్వుతూ ఆమె కూతురి గడ్డం కింద ఒక మచ్చ చూసింది. చిక్కుడుగింజంత ఉంది, తెల్లగా, పాతబడి. రెండు కుట్ల గుర్తులు కూడా ఉన్నాయి. ఉదయం స్నానం చేయించినప్పుడు అది లేదు. ఇదేమిటని అడిగితే, పాప అద్దంలో చూసుకుని, మావయ్య సడెన్ బ్రేకు వేసినప్పుడు తగిలింది కదా అంది. అంత తేలిగ్గా చెప్పేసి, రిబ్బను ఎర్రది కావాలని అడిగింది.

సువర్చల దువ్వెన కింద పెట్టేసింది. మచ్చ కంటే పెద్ద సంగతి ఇంకొకటి జరుగుతోంది. ఆమెకు కూడా గుర్తుకొస్తోంది. యూకేజీ చివరి రోజులు, క్యాజువాలిటీలో తెల్లటి పరుపు, పాప గడ్డం కింద తను అదిమి పట్టిన తువ్వాలు, ఆ తువ్వాలు మీద నెమలి బొమ్మ. ఆ తువ్వాలు తమ ఇంట్లో ఎప్పుడూ లేదని ఆమెకు తెలుసు. లేచి బీరువా వెతికింది. అడుగు అరలో, ఉతికినా పోని మరకతో మడతపెట్టి ఉంది. ఆ మధ్య బస్సులో ఏదో వాసన వస్తోందని పాప చెబితే తను పట్టించుకోలేదన్న సంగతీ దానితోపాటే గుర్తుకొచ్చింది. చేయని తప్పు ఒకటి చేసినట్టు గుండెలో కూర్చుంది. తన వేలు జారి సోమవారం పడిన ఒక అక్షరం రెండేళ్లు వెనక్కి నడిచి వెళ్లి తన కూతురి మొహం మీద గాయం చేసిందని ఆమె ఎవరికి చెప్పగలదు? భర్తకు చెప్పబోయింది. మొదలుపెట్టకముందే, ఆ డ్రైవరు మీద అప్పుడే కేసు పెట్టి ఉండాల్సిందని అతను పళ్లు నూరాడు.

శనివారం నూకరత్నం ఒంటరిగా ఆసుపత్రికి వచ్చింది. కోడింగ్ సెక్షన్‌లోకి రోగులను రానివ్వరు. మెట్ల దగ్గర నిలబడి కబురు పంపింది. సువర్చల కిందికి వెళ్లేసరికి చేతిలో సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ఐదు రోజుల్లో ఆవిడ మొహం మారిపోయింది. సంచీలో పెళ్లి ఫోటో ఉంది.

"నిన్నటిదాకా ఈ అద్దం పగల్నేదమ్మా. పొద్దున లేచి సూత్తే పగిలుంది. ఎలాగ పగిలిందో నాకు గుర్తుంది. ఆడు ఇసిరేసినాడు. పదారేళ్లయింది." ఆవిడ ఫోటోను మళ్లీ సంచీలో పెట్టింది. "ఇలాటిది జరిగినట్టు గుర్తుంది, జరగనట్టూ గుర్తుంది. రెండోది రోజురోజుకీ సన్నగిల్లిపోతంది. అందుకే ఇయాలే వొచ్చినాను. నీకేటైనా తెలుసా, తల్లీ?"

సువర్చల చుట్టూ చూసింది. తర్వాత చెప్పేసింది. రెండు అక్షరాలు, జామకాయ ముక్క, ఎడమ చూపుడు వేలు, బీరువాలోని పత్రం, కామేశం, అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నూకరత్నం మధ్యలో అడ్డు రాలేదు, తిట్టలేదు. సంచీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఇప్పుడు చెప్పి ఏటి లాబం? పదారేళ్ల కోపం నాకు వొచ్చీసింది. అది ఎక్కడ పెట్టుకోను?"

ఇంకో మాట లేకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి సువర్చల సరిగా నిద్రపోలేదు. పత్రం నింపితే తనకు ఆర్-41 పడుతుంది. జోషితను స్కూలు నుంచి తీసుకురావాలన్న సంగతి కూడా గుర్తుండదు. నింపినా డాక్టరు సంతకం చేయదు. మిగిలిన దారి పుస్తకంలో ఒక్కటే కనిపించింది. ఎఫ్-12.2కి చివర ఇంకో అంకె తగిలిస్తే అర్థం మారుతుంది. ఎఫ్-12.21 అంటే మానివేసిన స్థితి. ఆమె డాక్టర్ సునంద దగ్గరికి వెళ్లి, గవరయ్య చికిత్సకు ఒప్పుకున్నాడు కాబట్టి ఆ కోడ్ రాయమని బతిమాలింది. మామూలుగా అయితే ఏడాది గడవాలి. సునంద ఆమె మొహం చూసి, మూడు నెలలు క్రమం తప్పకుండా వస్తే ఆలోచిస్తానంది.

ఆ మూడు నెలలూ గవరయ్య వచ్చాడు. వణుకుతూ, చెమటలు కక్కుతూ, ఒక్కోసారి భార్య భుజం పట్టుకుని వచ్చాడు. మొదటి వారాల్లో కౌంటరు దగ్గర నిలబడి, నేనెప్పుడూ దాన్ని ముట్టలేదు బాబూ, అని వరసలో ఉన్నవాళ్లతో అనేవాడు. వరసలో సగం మంది అదే మాట అనేవారు. వాళ్లందరి మాటా ఒకేలా ఉండేది గనుక ఎవరి మాటా ఎవరూ వినేవారు కాదు. రెండో నెల నుంచి అతను ఆ మాట అనడం మానేశాడు. చికిత్సకు మనిషి లొంగుతున్నాడని నర్సు రికార్డులో రాసింది.

మూడు నెలలు పూర్తయ్యాక సునంద సంతకం చేసింది. సువర్చల రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి, ఒక్కొక్క అంకెనూ చూసి కొట్టి, ఎఫ్-12.21 ఎక్కించింది. ఆ సాయంత్రమే గవరయ్య కళ్లు తేటబడ్డాయి. ఒళ్లు అడగడం మానేసింది. గతం మాత్రం కదల్లేదు. మానివేయాలంటే ముందు చేసి ఉండాలి కదా. బస్సు తాళాలు అడగడానికి స్కూలుకు వెళ్తే, ఎఫ్ అక్షరం లేని కాగితం తెమ్మన్నారు. అలాంటి కాగితం ఇచ్చే విభాగం ఆసుపత్రిలో లేదు.

మనిషి ఊరికే కూర్చోలేక ఆసుపత్రి వెనక షెడ్డులో మత్తు మానినవాళ్లకు శనివారాలు జరిగే సమావేశాలకు వెళ్లసాగాడు. అక్కడ ఒక్కొక్కరు లేచి తమ కథ చెప్పుకుంటారు. గవరయ్య బాగా చెప్పేవాడు. లారీ, ఘాట్ రోడ్డు మలుపు, పగిలిన అద్దం, బ్రేకు, పిల్ల గడ్డం మీది నెత్తురు, ఏదీ దాచుకునేవాడు కాదు. విన్నవాళ్లు ఏడ్చేవారు. ఆరు వారాల్లో అతన్ని ఆ బృందానికి పెద్దను చేశారు. జిల్లాలో మత్తు వ్యతిరేక వారోత్సవాలు వచ్చినప్పుడు, అతన్ని తీసేసిన స్కూలే ముఖ్య అతిథిగా పిలిచింది. తల్లిదండ్రులందరూ రావాలని సందేశం వచ్చింది. సువర్చల వెళ్లింది.

ప్రార్థన జరిగే ఆవరణలో పిల్లలు వరసలుగా కూర్చున్నారు. గవరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. నూకరత్నం ముందు వరసలో కుర్చీ మీద కూర్చుంది, భర్తవైపు కాకుండా తన చేతులవైపు చూసుకుంటూ. మీ ప్రాణాలు నా చేతుల్లో పెట్టుకుని నేను పొగలో బండి నడిపాను, నన్ను క్షమించండి అని గవరయ్య పిల్లలకు దండం పెట్టాడు. తల్లులు కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ శాలువా కప్పింది. తను బ్యాగులు అందుకుని బస్సెక్కించిన పిల్లలే తన మొహాన్ని భయంగా చూస్తుంటే, గవరయ్య ఆ చూపు తనకు రావలసిందేనన్నట్టు నిలబడ్డాడు.

సభ అయ్యాక కుళాయి దగ్గర అతను సువర్చలను గుర్తుపట్టాడు. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"మీరు మా ఆడదానితో పొరపాటని సెప్పారట గదమ్మా."

అవునంది. అతని కాళ్ల మీద పడాలనిపించింది, కానీ చుట్టూ జనం ఉన్నారు. గవరయ్య కారుతున్న కుళాయి కట్టేశాడు.

"ఆ మాట ఇంకెవులికీ సెప్పకండమ్మా. నాకు మిగిలింది ఈ కతొక్కటే. ఇదీ నాది కాదంటే, నేనేటి పట్టుకుని నిలబడను?"

చెప్పనని ఆమె మాట ఇచ్చింది. అతను కృతజ్ఞతగా నవ్వి, తనకోసం ఎదురుచూస్తున్న టీచర్ల వైపు వెళ్లిపోయాడు.

గేటు దగ్గర హాజరు పట్టీ పెట్టారు. పేరు, సంతకం, కోడ్ అని మూడు గడులు. పట్టీలన్నీ సోమవారం ఆసుపత్రికి వెళ్లి కంప్యూటర్లో ఎక్కుతాయి. ముందున్నవాళ్లు తల ఎత్తకుండా తమ కోడ్ రాసి కదులుతున్నారు. ఇన్నేళ్లలో సువర్చలకు కోడ్ అవసరం పడలేదు. మూడో గడి వదిలేస్తే, పట్టీ పట్టుకున్న టీచరు మర్యాదగా ఆపింది. ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదని చెప్పింది. వెనక వరస పెరుగుతోంది. అన్ని నెలలుగా తన ఒంట్లో ఉన్నది ఏమిటో ఆమెకు బాగా తెలుసు, దానికి పుస్తకంలో పేజీ కూడా తెలుసు. ఎఫ్-41.9 అని రాసింది. కారణం ఇదమిత్థమని చెప్పలేని భయాందోళన.

సోమవారం ఆ పట్టీ ఆమె బల్ల మీదకే వచ్చింది. రెండువందల పన్నెండు పేర్లు. తన పేరు వచ్చినప్పుడు కొంచెం ఆగింది. చించేయవచ్చు, కానీ పట్టీ మీద వరస నంబర్లు ఉన్నాయి. సరిచూసుకుని ఎక్కించింది.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుంది. గుండె దడ ఉదయం ఉన్నట్టే ఉంది, చేతులు చల్లగా ఉన్నాయి. దేనికి భయపడుతోందో వెతుక్కుంది. ఏదో ఉండేది. దానికి ఒక మనిషి, ఒక మాట, ఎవరికో ఇచ్చిన మాట లాంటిది ఏదో ఉండేది. ఎంత వెతికినా ఇదీ అని తేలలేదు.

కలుపుకున్న అన్నం అలాగే ఉండటం చూసి ఏమైందని భర్త అడిగాడు.

"ఏం లేదు. ఎఫ్-41.9" అంది.

అతను అర్థమైనట్టు తలూపి, మజ్జిగ గిన్నె ఆమె దగ్గరకు జరిపాడు.